జడ కోలాటానికి నేను లీడరునైన సాయంత్రం

ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లీడరంటే ముందు గొంతు ఉండాలి, తర్వాత చూపు ఉండాలి, మిగతావన్నీ వాటంతట అవే వస్తాయని. కొనకనమిట్ల పక్కనున్న మా ఊరి నుంచి మార్కాపురం డిగ్రీ కాలేజీకి రోజూ బస్సులో పోయివచ్చే రోజులవి. మా వీధి ఆడవాళ్ళు కోలాటం మొదలుపెట్టిందీ అప్పుడే. పగలంతా కందిచేలల్లోనూ గొర్రెల వెంటా తిరిగి, పొద్దు వాలగానే కర్రలు పట్టుకుని బడి ముందు చేరేవాళ్ళు. నేర్పడానికి దర్శి నుంచి ఒక మాస్టరు వచ్చేవాడు. మాట తక్కువ, విజిల్ ఎక్కువ. అడుగు తప్పితే "ఆ కాలు ఎవురిదమ్మా?" అని ఉరిమేవాడు. తమదే కాబోలని అందరూ కిందికి చూసుకునేవాళ్ళు (ఆడకుండా పక్కన నిలబడ్డ నాతో సహా). ఆయన రాని రోజు మా పెద్దత్త నడిపించేది. "మా బంగారు తల్లే, ఇంగొక్క చుట్టు తిరగమ్మా" అని బుగ్గలు పుణికి, కొంగులోంచి శనక్కాయలు పంచేది. శనక్కాయలు అయిపోయేవి గానీ చుట్టు పూర్తయ్యేది కాదు. నాకు ఇద్దరూ తెగ నచ్చేవాళ్ళు. అద్దం ముందు నిలబడి కాసేపు ఆయనలా కళ్ళురిమి, కాసేపు ఆమెలా గొంతు కరిగించి సాధన చేసేదాన్ని. "పిల్లకు గాలేమన్నా సోకిందేమో సూడమే" అని నాయన అమ్మతో అన్నాడు కూడా.

హనుమంతునిపాడు దగ్గర ఒక ఊరి తిరునాళ్ళకు మమ్మల్ని పిలిచారు. బయటి ఊళ్ళో ఆడటం అదే మొదలు, అదీ జడ కోలాటం! పైన కట్టిన గడ నుంచి రంగురంగుల తాళ్ళు వేలాడుతుంటాయి. తలా ఒక తాడు పట్టుకుని, ఒకరిని లోపలగా, ఒకరిని బయటగా దాటుతూ ఆడితే అవన్నీ జడలా అల్లుకుంటాయి. మళ్ళీ వెనక్కి ఆడుతూ చిక్కు లేకుండా విప్పితేనే ఆట గెలిచినట్టు. "పనీపాటా లేక ఎగరను పోతాండారు" అని మగవాళ్ళు అప్పటికే సణుగుతున్నారు. అక్కడ ముడి పడిందంటే ఇక గడప దాటనివ్వరని అందరికీ తెలుసు. సరిగ్గా ఆ రోజే మాస్టరుకు ఇంకో ఊళ్ళో ఇంకో జట్టు ఆట వచ్చిపడింది. మేము ట్రాక్టరు ఎక్కుతుంటే విజిల్ నా చేతిలో పెట్టి, "సదువుకున్న పిల్లవి, నువ్వే సూసుకోవాల" అని వెళ్ళిపోయాడు. నాకు భయం వేయలేదు, ఒళ్ళంతా పొంగిపోయింది!

అల్లడం ఎంత ముద్దుగా సాగిందో చెప్పలేను. డోలు దంచుతోంది, జనం ఫోన్లు పైకెత్తారు. ఇక విప్పడం మొదలు. నేను పూర్తిగా మాస్టరునైపోయి, అడుగు తడబడిన మా చిన్న వదిన వైపు కళ్ళురిమి విజిల్ ఊదాను. ఆమె బెదిరి, లోపలికి పోవాల్సింది బయటికి పోయింది. వెనకామె ఆమెను చూసి అటే పోయింది. పైన తాళ్ళు చిక్కుపడ్డాయి. వెంటనే పెద్దత్తనైపోయి, "మా బంగారు తల్లులు గదా" అన్నాను. పెళ్ళీడు కూతుళ్ళున్న ఆడవాళ్ళు నా నోట ఆ మాట విని పగలబడి నవ్వారు, నవ్వుతూ తలా ఒక దిక్కు తిరిగారు. చిక్కు ఇంకా బిగిసింది, డోలు ఆగింది. జనంలోంచి ఎవడో "కొడవలి తేండిరా, కోసేద్దాం!" అని అరిచాడు. వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

విజిల్ చేతిలోంచి జారిపోయింది. "నాకు తెలీదక్కా! ఎట్ల విప్పాల్నో నాకు తెలీదు! ఎవురు ఎవుర్ని దాటొచ్చినారో మీరే చెప్పండి!" అని గొంతు చించుకుని అరిచేశాను. ముందు వదినే నోరు తెరిచింది.

"నేను పచ్చ తాడు కిందగా వచ్చినా."

"పచ్చది నాదే. నువ్వు ముందు ఎనక్కి పోమే, నేను ఆగుతా" అంది పెద్దత్త.

ఇక అందరికీ నోళ్ళొచ్చాయి! నేను చేసిందల్లా ఒకరి మాట అయ్యేదాకా ఇంకొకరిని ఆపడం, "ఇప్పుడు నువ్వు చెప్పత్తా" అనడం. డోలు అతను మా మాటలకే మెల్లగా దరువు కలిపాడు. ఒక్కో మెలికా విడుతుంటే జనం మాతో పాటు కేకలు పెట్టారు. ఆఖరి మెలిక కూడా విడిపోయి తాళ్ళన్నీ ఒక్కసారి జారేసరికి ఈలలతో తిరునాళ్ళ దద్దరిల్లింది. గిద్దలూరు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన "మా ఊరికి గూడా రావాల" అని అక్కడికక్కడే తాంబూలం ఇచ్చాడు. ముందు సణిగిన మగవాళ్ళే మర్నాడు ఫోన్లో ఆ వీడియో ఊరంతా చూపిస్తూ, "మా ఆడోళ్ళు!" అని మీసాలు దువ్వుకున్నారు.

ఇప్పుడు ఒంగోలులో ఒక ఆఫీసులో నా కింద కొందరు పనిచేస్తున్నారు. లీడర్లు ఎన్ని రకాలో చెప్పే శిక్షణ తరగతుల్లో కూడా కూర్చున్నాను (నా రకానికీ వాళ్ళ దగ్గర ఏదో గొప్ప పేరే ఉంది). ఊరికి పోయినప్పుడల్లా చిన్న వదిన ఆటపట్టిస్తుంది. "ఏం లీడరమ్మా, ఇప్పుడన్నా తెలుసునా ఎట్ల విప్పాల్నో?" "తెలీదొదినా, నువ్వే చెప్పు" అంటాను. ఆమె కొంగు బిగించి నిజంగానే మొదటి నుంచీ చెప్పుకొస్తుంది. ఆ 'తెలీదు' అన్న మాట ఆఫీసులో అనడానికి ఇప్పుడు నాకు రెండు మీటింగులు పడతాయి. అంత జనంలో, మైకు కూడా లేకుండా, తెలీదని అరిచేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది, కొంచెం కుళ్ళుగా కూడా ఉంటుంది.