పిన్ని డ్రైవ్‌లోనే పలికే గొంతు

పిన్ని పోయిందని మొన్న పొద్దున బూర్గంపాడు నుంచి ఫోన్ వచ్చింది. సారపాకలో ఆమె టైపింగ్ షాపు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. నాకు టైపింగ్ నేర్పింది ఆమే. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆమె పెట్టిందే. ఊరంతా సీడీలకు మారినా ఆమె మాత్రం ఆ పాత కంప్యూటర్‌నూ ఫ్లాపీలనూ వదల్లేదు.

అది మహా నిదానం. పని లేనప్పుడు ఫ్లాపీ తిరగడం ఆగిపోతుంది. ఏది అడిగినా మళ్లీ తిరగడం మొదలుపెట్టి, వేగం అందుకున్నాక, చదివే హెడ్ తన గాడి వెతుక్కోవాలి. అంతవరకూ తెర మీద ఏదీ కదలదు. మేం విసుక్కుంటే పిన్ని నవ్వేది. "గంత జల్దీ ఏందే మీకు?"

పైగా ఫ్లాపీ పెట్టే ఆ డ్రైవ్‌లో హెడ్ కొంచెం పక్కకు జరిగి ఉండేది. అందులో రాసిన ఫ్లాపీని ఇంకే కంప్యూటరూ చదవలేకపోయేది. అయినా రిపేరుకు ఒప్పుకునేది కాదు. హెడ్ సరిచేస్తే పాత ఫ్లాపీలు ఇక్కడా పలకవు. వాటిలో ఒకదాంట్లో బాబాయి గొంతు ఉంది. కొత్తగా మైకు కొన్న రోజు సరదాగా రికార్డు చేసింది. ఆయన పోయాక మిగిలిన గొంతు అదొక్కటే.

ఆదివారం చర్చి నుంచి రాగానే దాన్ని పెట్టేది. గిరగిర, టకటక, తర్వాత కాసేపు ఏమీ ఉండదు. నాకు భయం వేసేది ఆ కాసేపే. పక్క గదిలో ఎవరో మంచం మీంచి లేస్తున్నట్టు ఉండేది. అప్పుడు బాబాయి పిలిచేవాడు.

"ఏమే, ఏడున్నవ్?"

"ఈడనే ఉన్న, వస్తున్న!" అని పిన్ని వెంటనే గట్టిగా పలికేది.

ఫ్లాపీకి హెడ్ రాసుకుంటూ చదువుతుంది. "విన్నకొద్దీ అరుగుతది పిన్నీ, కాపీ తీస్త," అన్నానొకసారి.

"వద్దు బిడ్డా. కాపీ తీస్తే ఆయన రెండు చోట్ల ఉంటడు. నేనేడికి పోవాలె?"

మొన్న సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఆమె కూతురు, మా చెల్లెలు, ఆ ఫ్లాపీని పాత కంప్యూటర్ దగ్గరికి తెచ్చింది. తండ్రి పోయేనాటికి చెల్లెలికి ఊహ కూడా తెలియదు. "ఒక్కసారి విని కాపీ తీసుకుందామక్కా. నాన్న గొంతు నాకు కావాలె," అంది.

ఫ్లాపీ పెట్టాం. బాబాయి పిలిచాడు. జవాబు చెప్పేవాళ్లు లేరు కదా అనుకున్నాం.

"ఈడనే ఉన్న, వస్తున్న!"

స్పీకర్‌లోంచి పిన్ని. ఇంకా జీర పట్టని పడుచు గొంతు. ఆ రోజు రికార్డయిన జవాబే. ఇన్నేళ్లూ ఆమె దాని మీదే పలకడంతో మాకెవరికీ వినబడలేదు.

చెల్లెలు ఏడుస్తూనే కాపీ నొక్కింది. హెడ్ టకటకమంటూ ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. అరిగిపోయిన ఫ్లాపీలో ఇక ఏమీ దొరకలేదు. డ్రైవ్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు.