ఆర్డిస్ చేతిరాత

ఆర్డిస్ మెల్బీకి ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్లో ఆమె చేతి వంట తినకుండా పెద్దయినవాళ్లు తక్కువ. ముప్ఫై ఒక్కేళ్లు స్కూలు వంటగదిలో గరిటె తిప్పింది. మొగుడు లెన్ పోయి తొమ్మిదేళ్లయింది. మోకాళ్ల లోతు మంచు పడినా సరే, ఆదివారం తొమ్మిదిన్నరకల్లా చర్చి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని పలకరించేది.

ఆ చర్చి తీరే వేరు. ఇద్దరు మగవాళ్లు కాపురం చేసుకుంటున్నా, నిన్ననే జైల్లోంచి వచ్చినా, దేవుడున్నాడో లేడో తేల్చుకోలేకపోతున్నా, ప్రార్థనలో పంచే రొట్టె అందరికీ ఒకే బల్ల దగ్గర. ఇరవయ్యేళ్ల కిందట అలా ఉండాలని ఓటు పెట్టినప్పుడు మొదట లేచిన చెయ్యి ఆర్డిస్‌దే. ఆమె అక్క కొడుకు షికాగోలో జబ్బుచేసి పోతే, వాడు కాపురమున్నది మగవాడితోనని అక్కడి చర్చి సమాధి ప్రార్థన చెయ్యనంది. ఆ మంట ఆమె కడుపులో ఆరలేదు. కొత్తవాళ్లు గుమ్మంలో తటపటాయిస్తుంటే, "ఈ గడప దగ్గర్నుంచి మేం ఎవర్నీ ఎప్పుడూ బయటికి పంపలేదమ్మా, రండి" అనేది. జంటగా కాపురముంటున్న జాస్, ఇవెట్ అనే ఇద్దరాడవాళ్లు చంకలో పాపతో వచ్చి ఆ చర్చిలో ఉండిపోయింది ఆ మాట వినే.

చర్చికి నూట పాతికేళ్లు నిండబోతున్నాయని, పాత ఫొటోలూ కాగితాలూ అందరూ చూసేలా పెడదామని పాస్టర్ కెండ్రా అంది. "కింద బీరువాలో ఏముందో మీకు తప్ప ఇంకెవరికీ తెలీదు ఆర్డిస్, మీరే పుణ్యం కట్టుకోవాలి."

మంగళవారం పొద్దున్న ఆర్డిస్ బేస్‌మెంట్‌లోకి దిగింది. 1978 నాటి మీటింగుల పుస్తకం చేతికి తగిలింది. అప్పుడు సెక్రటరీ తనే. గుండ్రంటి తన అక్షరాలు చూసుకుని మురిసిపోతూ పేజీలు తిప్పింది. పైకప్పు కారుతోందని ఒక పేజీ. కాఫీ కెటిల్ మార్చాలని ఇంకో పేజీ. ఆ తర్వాతది జూన్.

"పాటల బృందం నడిపే ఆరిన్ సాండ్‌విక్‌ను, తనతో ఒకే ఇంట్లో ఉంటున్న వెస్ అనే మగవాడి గురించి అడగ్గా, అతను కాదనలేదు. ఇకమీదట అతను పిల్లల ముందు నిలబడకూడదు. సభ్యుల జాబితా నుంచి పేరు తీసెయ్యాలి. అందరూ ఒప్పుకున్నారు. సభ ముందు ఈ మాట పెట్టినది ఆర్డిస్ మెల్బీ."

చదివింది. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివింది. రాసింది తను, అందాకా సరే, సెక్రటరీ అన్నాక రాస్తుంది. కానీ ఆ మాట పెట్టింది కూడా తనేనా? ఆరిన్‌కి డులూత్ పట్నంలో మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడని నలభై ఏళ్లుగా ఊరందరికీ చెబుతున్నది తనే. అబద్ధమని తెలిసి చెప్పలేదు. నిజంగా అలాగే గుర్తుంది. ఆ మీటింగు ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాలేదు. ఏ కుర్చీలో కూర్చుందో, ఏం వేసుకుందో, ఒక్క ముక్కయినా తట్టలేదు. చేసినదానికంటే, చేసి శుభ్రంగా మర్చిపోయినందుకు ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

అప్పుడామె చేసిన పని కూడా మంచిదేం కాదు. పుస్తకాన్ని కోటు కింద దాచుకుని ఇంటికి పట్టుకుపోయింది. బంగాళాదుంపల బుట్టలో అడుగున పెట్టింది. మూడ్రోజులు దాని వైపు చూడకుండా తిరిగింది. నాలుగోరోజు దాన్ని తీసి, మట్టి దులిపి, కెండ్రా బల్ల మీద పెట్టింది.

కెండ్రా చదివింది. పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"తిట్టవేం?" అంది ఆర్డిస్.

"తిట్టడానికి నేనెవర్ని? ఆయన బతికే ఉన్నాడా?"

ఆ ప్రశ్నే ఆర్డిస్‌కు అప్పటిదాకా తట్టలేదు.

ఉన్నాడు. డులూత్‌లో కాదు, నలభై మైళ్ల అవతల బేఫీల్డ్‌లో, ముసలివాళ్ల అపార్ట్‌మెంట్లలో. ఎనభై అయిదేళ్లు. ఇన్నాళ్లూ గంట దూరంలోనే.

ఆర్డిస్ వెళ్లి తలుపు తట్టింది. తీసినవాడు వెంటనే గుర్తుపట్టాడు. "ఆర్డిస్! చచ్చిపోయావనుకున్నాను."

"లేదు. నేను... ఆ పుస్తకం చూశాను ఆరిన్."

"ఓహో. ఇప్పుడు చూశావా?"

"ఆ మాట పెట్టింది నేనని నాకు గుర్తు లేదు. ఒట్టు."

"నాకుంది." లోపలికి దారిచ్చాడు. గోడ మీద మీసాల మనిషి ఫొటో ఒకటి. వెస్. పోయి పన్నెండేళ్లట. "మర్నాడు నువ్వు పుల్లటి రూబార్బ్ కాడలు కూరి తియ్యటి రొట్టె కాల్చుకొచ్చావు. అదీ గుర్తు లేదా?"

"నేనా?"

"నువ్వే. వెచ్చగా, గుడ్డ కప్పి. 'ఎక్కడున్నా చల్లగా ఉండండి' అన్నావు. నేనూ వెస్సూ వెనక మెట్ల మీద కూర్చుని మొత్తం తినేశాం. ఎంత బావుందో! అందుకే ఇంకా ఒళ్లు మండింది. అది పాడుగా ఉంటే విసిరికొట్టేవాళ్లం."

ఆమె ఏడవలేదు, ఏడుపు రాలేదు. వెళ్లేముందు అడిగింది, "ఆదివారం అందరి ముందూ చదువుతాను. ఒప్పుకుంటావా?"

"చదువు. కానీ ఆరిన్ క్షమించేశాడని మాత్రం చెప్పకు. నేనింకా ఏమీ తేల్చుకోలేదు. ఈ వయసులో తేల్చుకునే టైముందో లేదో కూడా తెలీదు."

ఆదివారం ఆర్డిస్ గుమ్మంలో నిలబడలేదు. పుస్తకం పట్టుకుని ముందుకెళ్లి చదివింది. తన పేరు దాకా వచ్చి ఆగి, మళ్లీ మొదట్నుంచి చదివింది. దాచిపెట్టిన సంగతీ చెప్పింది. రూబార్బ్ రొట్టె సంగతీ చెప్పింది. వెనకనించి హాల్వర్ అనే ముసలాయన లేచి, "ఆ రోజు నేనూ ఉన్నాను. నేనూ చెయ్యెత్తాను" అని కూర్చున్నాడు.

జాస్ పాపనెత్తుకుని బయటికి వెళ్లిపోయింది. ఇవెట్ ఆమె వెనకే పరుగెత్తింది.

రెండు వారాలు వాళ్లు రాలేదు. మూడో వారం జాస్ ఒక్కతే వచ్చి, కోటు కూడా విప్పకుండా ఆర్డిస్ ముందు నిలబడింది.

"మీరు చెప్పిన మాట నమ్మి పాపని ఇక్కడికి తెచ్చాం."

"తెలుసు."

"మళ్లీ ఇంకో ఇరవయ్యేళ్లకి, మా గురించీ అలా చెయ్యెత్తి మర్చిపోరని ఏంటి గ్యారంటీ?"

"నా మీద నాకే గ్యారంటీ లేదు జాస్. అందుకే ఆ పేజీని అందరికీ కనబడేలా పెట్టమని కెండ్రాతో అన్నాను."

జాస్ ఆమె పక్కన కూర్చోలేదు. నాలుగు వరసలు వెనక కూర్చుంది. కానీ కూర్చుంది.

నూట పాతికేళ్ల పండక్కి ఆ పేజీని అద్దం కింద పెట్టారు. ఆర్డిస్ పేరుని కప్పలేదు. ఆరిన్ ప్రార్థనకు రాలేదుగానీ, భోజనాల వేళకి కెండ్రా కారులో వచ్చాడు. రెండుసార్లు వడ్డించుకుని, పాటల బృందం అంత నెమ్మదిగా పాడితే జనానికి నిద్రొస్తుందని గట్టిగానే అన్నాడు. ఆర్డిస్‌తో ఒక్క మాటయినా మాట్లాడలేదు. ఆమె వంటగది కిటికీలోంచి అతన్ని చూస్తూ, వేడినీళ్లలో చేతులు పెట్టి, పళ్లాలు ఒక్కొక్కటే కడిగింది.