ఎదురు రానన్న పెద్దమ్మ

నరసరావుపేటలో ఓ ఎముకల ఆసుపత్రిలో నాకు మొదటి ఉద్యోగం దొరికినప్పుడు నా కాళ్లు నేల మీద నిలవలేదు. టోకెన్లు రాయాలి, ఆపరేషన్ల వరస చూడాలి, బిల్లులు కొట్టాలి, మధ్యలో రోగుల్ని లేపి నడిపించాలి. ఆసుపత్రి పనికని చేసిన కోర్సులో బట్టీపట్టిన ఇంగ్లీషు మాటలు రోగుల మీద ప్రయోగించేదాన్ని. నడిపించే ముందు, ఇవాళ మీకు మొబిలైజేషన్ అని చెబితే, అది తిండికి ముందు వేసుకోవాలా తర్వాతా అని అడిగేవాళ్లు. నాకు నవ్వాగేది కాదు. చక్రాల కుర్చీ ఖాళీగా దొరికిందంటే వరండాలో ఒక చుట్టు తిరిగొచ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే మాచర్ల నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. బజార్లో కొట్లున్న కుటుంబం. జారిపడి తుంటి విరిగితే డాక్టరు గారు కొత్త కీలు వేశారు. తోడుగా కోడలు ఉంది. మర్నాడే పెద్దమ్మ వాకరు పట్టుకుని మంచం చుట్టూ తిరిగేసింది. ఈ కాలు నాదా మీ డాక్టరుదా అని వేళాకోళం కూడా ఆడింది. గుమ్మం దాకా వచ్చాక మాత్రం ఆగి, వెనక్కి తిరిగి మంచమెక్కి కూర్చునేది. రోజూ ఇదే వరస. వరండాలో లిఫ్టు దాకా నడిస్తేనే ఇంటికి పంపుతానని డాక్టరు గారి పట్టు. ఇలాగే కూర్చుంటే కీలు బిగుసుకుపోయి ఇక మంచమే గతి అని కోడలికి గట్టిగా చెప్పారు. కోడలు భయమనుకుంది, నేను నొప్పనుకున్నాను. బిల్లులో గది అద్దె ఎక్కుతూనే ఉంది.

చివరికి విసుగొచ్చి, ఏంది పెద్దమ్మా నీ బాధ అని పక్కన కూలబడ్డాను. ఆమె వరండా వైపు చూపించింది. ఆమె గది పక్కనే ఆపరేషన్ థియేటరు. లిఫ్టు దిగిన స్ట్రెచర్లన్నీ ఇటే వస్తాయి.

"మా ఆయన పొయ్యిన కాన్నుంచి ఎవరు బయల్దేరినా తలుపు చాటుకు పోతానమ్మా. ఆపరేషన్‌కి పొయ్యేవోళ్లకి ఎదురు రమ్మంటావేంది?"

నాకు ఒళ్లు మండింది. ఎవరు వేశారు నీకీ శిక్ష అని అరిచాను. ఆమె నవ్వి నా బుగ్గ తట్టింది, మంచం మాత్రం దిగలేదు. సరే, ఆపరేషన్ల వరస నా చేతిలోదే కదా, ఆమె నడవడానికి మధ్యలో కాస్త ఖాళీ చేద్దామని చూశాను. ఖాళీ చేసినప్పుడల్లా బైకు మీంచి పడినవాడెవడో ఊడిపడేవాడు. వాళ్లందరి మీదా పళ్లు నూరాను.

నా నోట్లో నువ్వుగింజ నానదు. కాలు విరిగి చేరిన ఒక నడికుడి రైల్వే ఆయనకి అడ్వాన్సు రసీదు ఇస్తూ ఈ గొడవంతా వెళ్లగక్కాను. మర్నాడు ఆయన్ని స్ట్రెచర్ మీద థియేటరుకి తెస్తుంటే, వరండా మధ్యలో ఆపమన్నాడు. గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ అప్పటికే వెనక్కి తిరుగుతోంది.

"పెద్దమ్మా, ఆగు. మా నాయన పోయినాక కూడా నాకు మాయమ్మే ఎదురొచ్చేది. కాలిరిగిన నాటికి ఆమె కూడా పోయింది. నువ్వు ఎదురొస్తేనే లోపలికి పోతా."

ఆలస్యమైపోతోందని మాస్కుతోనే బయటికొచ్చిన డాక్టరు గారు సంగతి విని గోడకి ఆనుకుని నిలబడిపోయారు. నేను పెద్దమ్మ నడుముకి, పడకుండా పట్టుకునే బెల్టు కట్టాను. వాకరు గుమ్మం దాటింది. ఆమె మెల్లగా స్ట్రెచర్ దాకా నడిచి, ఆయన తల నిమిరి, పోయిరా నాయనా అంది. అక్కడితో ఆగుతుందనుకున్నా, లిఫ్టు దాకా పోయింది. నేను ఏడుస్తూ నవ్వుతూ వెనకాలే పోయాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆపరేషన్ బాగా జరిగింది. కబురు తెలిసేదాకా ఆమె ముద్ద ముట్టలేదు.

మర్నాడు బిల్లు నేనే కొట్టిచ్చాను. కోడలు సంచులు తీసుకుని ముందుగా కారు దగ్గరికి బయల్దేరింది. పెద్దమ్మ అలవాటుగా తలుపు చాటుకు జరగబోయి, ఆగింది. నన్ను పిలవకుండానే వాకరు తిప్పుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఉండవే, నేనెదురొస్తా."

కోడలు సంచులు కింద పెట్టి నిలబడింది.