చక్రాల దవాఖానకు పట్టిన చెమ్మ

రత్నమణి పుట్టింది మెదక్ పక్క పల్లెలో. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే మిషన్ ఆసుపత్రిలో చేరి నర్సు పని నేర్చుకుంది. ఆ తర్వాత ఆమెకు ఇల్లంటూ ఉన్నది చక్రాల మీదే. 1936లో మిషన్ డాక్టరు దొరసాని ఇంగ్లండు సీమ నుంచి ఓడలో తెప్పించిన చెక్క బండి అది. లోపల పడుకోవడానికి రెండు బల్లలు, మందుల అలమారా, ఒక కిటికీ. మోటారు వెనక కట్టి లాగాల్సినదాన్ని, యుద్ధంలో పెట్రోలు కరువై ఎడ్లకు కట్టారు. జనం దాన్ని చక్రాల దవాఖాన అనేవారు. వానలు వెనకబట్టాక బయల్దేరి, ఎండలు ముదిరేదాకా ఊరూరా తిరిగి, వానాకాలమంతా అబిడ్స్‌లో మిషన్ ఆఫీసు వెనక షెడ్డులో ఉండేది.

1942 వానాకాలం చివర బండి లోపల ముక్కిన వాసన మొదలైంది. అలమారా కింద చెక్కను బొటనవేలితో నొక్కితే నానిన రొట్టెలా దిగబడింది. ఆఫీసు వ్యవహారాలు చూసే ఎర్నెస్ట్ గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని తొంగిచూశారు.

"పైకప్పు కారుతున్నట్టుంది సిస్టర్. సీమ కప్పు, ఈ యుద్ధంలో మళ్ళీ ఎక్కడి నుంచి తెస్తాం? దొరసాని గారు కూడా వెళ్ళిపోయారాయె. ఉస్మాన్‌గంజ్ వ్యాపారి ఒకాయన చక్రాల కోసం అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం. మీకు వార్డులో డ్యూటీ వేయిస్తా. నీడపట్టున ఉంటారు."

రత్నమణికి ఆ నీడ అక్కర్లేదు. బండి ఆగే పద్దెనిమిది పల్లెల్లో కాన్పులకు ఇంకో దిక్కు లేదు.

"ఒక్క వడ్లాయనకు చూపెట్టి చెప్తా సార్. శనివారం దాకా ఆగున్రి," అని బతిమాలుకుంది.

నాంపల్లి స్టేషను అవతల వడ్రంగి బాలమల్లు కొట్టం ఉంది. టాంగాలూ జట్కాలూ చేసిన చెయ్యి, అరవై ఏళ్ళు దాటిన మనిషి. బండిని అక్కడికి లాగించింది. ఆయన ఉలి ముట్టలేదు. కొయ్యసుత్తితో చెక్క మీద జానెడుకొక దెబ్బ కొడుతూ, చెవి ఆనించి వింటూ బండి చుట్టూ తిరిగాడు. పైకప్పెక్కి బోర్లా పడుకొని ఒక పూటంతా వెతికాడు. దిగి, కింది పలకలు ఒక్కొక్కటే ఊడదీశాడు. వార్డు బయట నిలబడ్డ తల్లిలా రత్నమణి ఆ పక్కనే నిలబడింది.

"సిస్టరమ్మా, లోపల నేల ఎట్ల సాఫ్ చేస్తరు?" అనడిగాడు.

"కడుగుతం. రోగులు పోంగనే బిందెలతోని నీళ్ళు కుమ్మరించి, ఫినాయిలేసి, చీపురుతోని బయటికి కొట్టేస్తం. రెండు పూటలా. ఒక్క దినం గూడ తప్పలే మల్లన్నా."

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం పలికింది. కడగని కొంపలో రోగం కాపురముంటుందని నమ్మే ఇంట్లో పెరిగిన పిల్ల. నేల సరిగ్గా కడగలేదని వార్డులో పనిచేసే పిల్లల్ని ఎన్నిసార్లు కసిరిందో.

బాలమల్లు ఆమెను వంగి చూడమన్నాడు. నాలుగు వైపులా అడుగు దూలాలు చివికిపోయి ఉన్నాయి. చెమ్మ మరక కింద నుంచి జానెడెత్తు లేచి, గీత గీసినట్టు ఆగిపోయింది. నీళ్ళు ఊడ్చిపోసే గుమ్మం దగ్గరైతే కట్టె పిడికెడు పిండి.

"మీది నుంచి దిగిన నీళ్ళు గిట్ల సమానంగ నిలవయి," అన్నాడు మెల్లగా. "గిది బండల ఇల్లు కాదమ్మా. కడిగిన నీళ్ళు పలకల సందుల్ల దిగి, కింద రేకుల మీద నిలిచినయి."

ఆరేళ్ళు. రోజుకు రెండు పూటలు. రత్నమణి ఆ పిండిని వేళ్ళతో నలిపి చూసింది.

శనివారం ఎర్నెస్ట్ గారు వచ్చారు. "ఏమయ్యా, దేనివల్ల?" అనడిగారు.

బాలమల్లు ఆమె వైపు చూడకుండా, "వాన సార్. వాననే," అన్నాడు.

"నేను చెప్పలా? కప్పే. సరే, వ్యాపారికి కబురు పెడతాను."

రత్నమణికి అర్థమైంది. ఊరుకుంటే పేరు నిలుస్తుంది, బండి పోతుంది. అంతకాలం మిషన్ సొమ్మును తన చేత్తోనే కుళ్ళబెట్టానని చెప్పడం కంటే వార్డులో చాకిరీ తేలికేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"వాన కాదు సార్," అంది. "నేనే. కడిగి కడిగి నేనే ఖరాబ్ చేసిన."

ఎర్నెస్ట్ గారు తలెత్తి పైకప్పు వైపు చూశారు. "కప్పు బాగానే ఉందా మరి?" అని బాలమల్లును అడిగారు.

"రాయి లెక్క ఉన్నది సార్. అడుగు కట్టె మారిస్తే ఇంకా పదేండ్లు నడుస్తది."

"మరి వాన అన్నావేం?"

"ఆడమనిషి సాఫ్ ఉంచినందుకు మాట పడుడేందని అన్న. తప్పే అన్న."

ఎర్నెస్ట్ గారు రుమాలుతో నవ్వు దాచుకున్నారు. "శుభ్రం ఎక్కువై పాడైందని పైవాళ్ళకు రాయాలి కాబోలు. కానివ్వు. బాగు చెయ్యి."

పలకలన్నీ విప్పి, కొత్త కట్టె పెట్టకుండా బాలమల్లు పన్నెండు రోజులు ఊరికే ఎండబెట్టాడు. ఆమె తొందరపెడితే, "తడి మీద మూత పెడితే మళ్ళ గదే కథ," అనేవాడు. తర్వాత కుళ్ళినంత మేర గట్టి కట్టె తగిలేదాకా కోసి, కొత్త టేకును ఏటవాలుగా అతికి, అవిసె నూనె తాగించాడు. నీళ్ళు నిలవకుండా రేకులకు రంధ్రాలు పెట్టాడు. పిండిన బట్టతో నేల ఎలా తుడవాలో మోకాళ్ళ మీద కూర్చొని తానే చూపించాడు. ఆరేళ్ళ అలవాటు, ఆమె చెయ్యి మాటిమాటికీ బిందె వైపే పోయేది. "ఏయ్ సిస్టరమ్మా," అని కొట్టంలోంచి కేకేసేవాడు.

కార్తీకంలో ఎడ్లను కట్టిన పొద్దున ఆమె బండి మెట్టు దగ్గర తల మీద కొంగు కప్పుకొని ప్రార్థన చేసుకుంది. బాలమల్లు చెప్పులు విడిచి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆమె కళ్ళు తెరిచాక అడిగాడు:

"నా పేరు ఇనవడ్డది. ఏమని చెప్పిన్రు?"

"నీ చేతులు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పిన, మల్లన్నా."

"చేతులకు ఏమైంది, మంచిగనే ఉన్నయి. మోకాళ్ళే గుంజుతున్నయి. గది గూడ జర చెప్పున్రి."

రత్నమణి నవ్వుతూనే మళ్ళీ కొంగు కప్పుకొని కళ్ళు మూసుకుంది. బండివాడు పగ్గాలు వదులుగా పట్టుకొని, ఆమె ముగించేదాకా ఆగాడు.