ఖాళీ ఇంట్లో పిలవని పేరు

మా చిన్నప్పుడు... క్యాంప్ 1 అనే బస్తీలో మా రెండు గదుల ఇంట్లో అమ్మ వారం ముందు నుంచే సామాను కట్టడం మొదలుపెట్టింది. నాన్నకి స్టీల్ ప్లాంటు వాళ్ళు అదే ఊళ్ళో రుఆబాంధాలో క్వార్టర్ ఇచ్చారు. గాజు గ్లాసులకి పాత పేపర్లు, ఆవకాయ జాడీ మూతికి పాత చీర ముక్క, పరుపు చుట్టలో గోడ గడియారం... నాన్నని ఒక్క గిన్నె కూడా ముట్టుకోనిచ్చేది కాదు. మీరు కడితే దారిలోనే ఊడిపోతాయనేది.

కొత్తింటికి ముందుగా వెళ్ళేవి దీపం, పసుపు, ఉప్పు, బియ్యం. పాత చీపురు మాత్రం వెంట రాకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఆఖర్న ఉండేది. విజయనగరం నుంచి మా నానమ్మ తెచ్చిన పద్ధతి అది. ఇల్లు ఖాళీ అయ్యాక, తాళం వేసేముందు, ఇంటి ఆడది గడప మీద నిలబడి అందరినీ పేరుపేరునా పిలవాలి. "ఇల్లు మారిపోతన్నాం, రండి" అనాలి. పిలవకపోతే వాళ్ళ ప్రాణం పాతింట్లోనే ఉండిపోతుందట.

ఆరోజు పాలు పొంగించే ముహూర్తానికి అమ్మ అన్నయ్యని తీసుకుని ముందే వెళ్ళాల్సి వచ్చింది. నేనూ, నాన్నా మిగిలిన సామానుతో వెనక బయల్దేరాలి. వెళ్తూ వెళ్తూ అమ్మ నా గడ్డం పట్టుకుని "అందర్నీ పిలు. ఒక్కర్ని కూడా మరిసిపోకు" అంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఇంత పెద్ద పని నాకు అప్పజెప్పిందని ఎంత గర్వమో!

నాన్న బయట టెంపోలో మంచం కోళ్ళు సర్దుతున్నాడు. నేను గడప మీద నిలబడ్డాను. అమ్మా రా, నాన్నా రా, అన్నయ్యా రా... నన్ను నేనే పిలుచుకున్నాను. పెరట్లో తిరిగే పిల్లిని కూడా పిలిచాను.

పైడిని పిలవలేదు.

పైడి మా చెల్లి. అంతకు ముందు వానాకాలం జ్వరమొచ్చి ఆ ఇంట్లోనే పోయింది. రెండేళ్ళు నిండలేదు. గజ్జెల కాళ్ళకి నాన్న చెప్పులు తగిలించుకుని, సరిగ్గా ఆ గడప మీదే కూర్చునేది. అది పోయాక మా ఇంట్లో ఎవరూ దాని పేరెత్తలేదు. ఎత్తితే అమ్మ చేతిలో పని వదిలేసి అలా నిలబడిపోయేది.

కానీ నేను పిలవకపోవడానికి కారణం అది కాదు... ఇన్నేళ్ళకి ఒప్పుకుంటున్నాను. ఖాళీ గదుల్లో నా గొంతు నాకే తిరిగి వినిపిస్తోంది. పిలిస్తే పలుకుతుందేమోనని భయం వేసింది. తాళం వేసి పరిగెత్తాను.

కొత్తింట్లో పాలు పొంగాయి. అమ్మ గ్లాసుల్లో పోస్తూ "అందర్నీ పిలిచీసేవేటే?" అంది.

"ఆ."

"దాన్ని కూడానా?"

"పిలిచానమ్మా" అన్నాను. అమ్మ నా వైపు కాసేపు చూసింది. తర్వాత ఇంకో చిన్న గ్లాసు తీసి దాన్లో కూడా పాలు పోసింది.

ఆ తర్వాత చాలా రోజులు నాకు అన్నం సయించలేదు. బళ్ళో కూర్చున్నా అదే ఆలోచన... తాళం వేసిన ఇంట్లో అది గడప మీద నాన్న చెప్పుల కోసం వెతుక్కుంటున్నట్టు. ఒకరోజు అమ్మ నాకు జడ వేస్తూ "గజ్జెల సప్పుడు విన్నావేటి? మనతో వచ్చీసింది" అంది. నిజం చెప్పలేకపోయాను.

వారానికోసారి అమ్మ కూరగాయలకని సుపేలా బజారుకి వెళ్ళేది. దగ్గర్లోనే మార్కెట్టున్నా అక్కడికే... ఒక్కతే. నేనూ వస్తానంటే కసిరేది.

మొన్న ఆ క్వార్టర్ కూడా ఖాళీ చేశాం, దుర్గ్‌లో ఫ్లాట్‌కి. ప్యాకర్లు వచ్చి మధ్యాహ్నానికల్లా ఇల్లంతా అట్టపెట్టెల్లోకి సర్దేశారు. పెట్టెల మీద మార్కర్‌తో కిచెన్, పూజ, బట్టలు అని రాసిపెట్టారు. అమ్మకి కట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఆ పొద్దున్నే నేను టేపు తెస్తానని చెప్పి ఆటో ఎక్కాను. క్యాంప్ 1లో మా సందు అలాగే ఇరుగ్గా ఉంది. మా ఇంటికి మాత్రం పైన అంతస్తు లేచింది, ఆకుపచ్చ గ్రిల్లు వచ్చింది. గడప దగ్గర నిలబడి "పైడీ... ఇల్లు మారిపోతన్నాం, రా" అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. లోపల్నుంచి ఒకావిడ వచ్చి "కిస్కో ఢూంఢ్ రహీ హో, దీదీ?" అంది, ఎవరి కోసమని. తల అడ్డంగా ఊపి వచ్చేశాను.

తిరిగొచ్చి, సామాను లారీ కదిలాక చూస్తే, అమ్మ ఖాళీ ఇంటి గడప మీద నిలబడి పిలుస్తోంది. నాన్నని, అన్నయ్యని, వదినని, నన్ను... తులసి కుండీని కూడా. అంతటితో ఆపి తాళం చేతిలోకి తీసుకుంది.

"పైడిని పిలవ్వా అమ్మా?"

"ఇక్కడుంటే కదే పిలవడానికి."

అమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఆరోజు పిలిచీసేనన్నప్పుడు నీ మొగం సూసేను కదేటి" అంది అమ్మ.

"మరి ఆ గజ్జెల చప్పుడు?"

"నువ్వు అన్నం మానీసేవు. ఏటి సెయ్యమంటావు?"

సుపేలా వెళ్ళిన ప్రతిసారీ అక్కడికి దగ్గర్లోని మా పాతింటి సందు దాకా వెళ్ళి నిలబడి వచ్చేదట. "ఎవుళ్ళదో ఇల్లు అయిపోనాది. ఆళ్ళ గుమ్మంలో నిలబడి సచ్చిపోయిన పిల్లని ఎలా పిలుస్తానే?"

ముప్పై ఏళ్ళకి పైగా నా అబద్ధాన్ని నాకోసం మోసింది మా అమ్మ. ఏడుపు ఆగలేదు నాకు. "పొద్దున్న నేనెళ్ళి పిలిచొచ్చానమ్మా" అన్నాను.

అమ్మ నా వెనక మెట్ల వైపు చూసింది.

"వచ్చిందేటే?"

"ఆ... వచ్చింది."

ఈసారి అది నిజమో అబద్ధమో నాకూ తెలియదు. కారెక్కాక అమ్మ ఒక పక్కకి జరిగి, మా ఇద్దరి మధ్య కొంచెం చోటు వదిలి కూర్చుంది. దుర్గ్ వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఇప్పుడు ఇల్లు మారాలంటే ఒక్క పూట చాలు... ఒక్క గ్లాసు కూడా పగలదు. గడప మీద నిలబడి పిలిచేవాళ్ళే లేరు. మీ ఇళ్ళల్లో ఎలా ఉండేది? తాళం వేసే తొందరలో మీరు పిలవకుండా వచ్చేసిన పేరు ఏదైనా ఉంటే... ఇక్కడ రాయండి. కనీసం ఇక్కడైనా ఒకసారి పిలుద్దాం.