తెడ్డు పట్టిన చెయ్యి

సింగపూర్‌లో పాత వర్ణచిత్రాలు బాగుచేసే ఒక స్టూడియోలో సీనియర్ కన్సర్వేటర్‌గా చేరిన రెండో ఏడాది, ఆగస్టులో, ఒక సముద్ర చిత్రం నా బల్ల మీదికి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు పని. మలయా ప్రాంతంలో ఒక నది సముద్రంలో కలిసే చోట ఆవిరి యుద్ధనౌక ఫిరంగులు పేలుస్తోంది. దాని ముందు చిన్న పడవలు కాలుతున్నాయి. నౌక మీద ఒక్కో తాడునూ విడివిడిగా గుర్తుపట్టవచ్చు. పడవల్లోని మనుషులు మాత్రం మరకల్లా ఉన్నారు. ముందున్న పడవలో అరచేయంత మేర రంగు పూర్తిగా రాలిపోయింది.

యజమాని ప్రసాద్‌గారిది కాకినాడ. ఇక్కడి వన్-నార్త్ టెక్ పార్కులో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపేవారు. చిత్రాన్ని వేలంలో కొన్నారు.

"అక్కడ సముద్రపు నీళ్ళలా రంగు వేసెయ్యండి మేడమ్, చాలు. హాల్లో పెట్టుకోవాలి," అన్నారు.

మైక్రోస్కోప్ కింద చూపించాను. రాలిన చోటు అంచున ఒక తెడ్డు, దాన్ని పట్టుకున్న వేళ్ళు మిగిలి ఉన్నాయి. అక్కడ ఒక మనిషి ఉండేవాడు.

"అయితే మనిషినే వేసెయ్యండి. సముద్రపు దొంగలతో ఫైట్ అని వేలంవాళ్ళు రాశారుగా."

ఆధారం లేనిది గీయకూడదన్నది మా వృత్తి నియమం. "దొంగ ముఖం వెయ్యనా, జాలరి ముఖం వెయ్యనా? ఏది వేసినా తీర్పు నేనే చెప్పినట్టవుతుంది," అన్నాను. అసలు రంగుకు రక్షణగా ముందు ఒక వార్నిష్ పొర వేసి, దానిపైన ఆ ఖాళీని చుట్టుపక్కల కంటే కాస్త పలచని రంగుతో నింపాను. దూరం నుంచి కంటికి అడ్డురాదు, దగ్గరికొస్తే దాగదు. ఆయన ముఖం ముడుచుకునే తీసుకెళ్ళారు.

మరుసటి ఏడాది మళ్ళీ తెచ్చారు. ఆ చోట ఇప్పుడు ఎర్ర తలపాగా, కోరమీసాలు, తెడ్డునూ వేళ్ళనూ కప్పేస్తూ చేతిలో కత్తి. వేరే ఎవరి చేతనో వేయించారట.

"బిషాన్‌లో మా పక్క ఫ్లాట్ రహీం అంకుల్‌ని మకాన్‌కి, అదే భోజనానికి, పిలిచామండి. తింటూ తింటూ ఫ్రేమ్ మీద నది పేరు చదివారు. అక్కడే వాళ్ళ అమ్మమ్మగారి ఊరట. 'వీళ్ళందరూ దొంగలేనా, ప్రసాద్?' అన్నారు. కోపంగా కూడా కాదు. వీణ్ణి తీసెయ్యగలరా?"

ద్రావకంలో తడిపిన దూదితో ఒక మధ్యాహ్నమంతా తుడిస్తే కత్తీ మీసాలూ పోయాయి. నేను నింపిన రంగు కూడా వాటితోపాటే వచ్చేసింది. కింద వార్నిష్ పొర ఉంది కనుక అసలు చిత్రానికి ఏమీ కాలేదు. వేళ్ళు బయటపడేదాకా ప్రసాద్‌గారు కదలకుండా కూర్చున్నారు. ఖాళీని మళ్ళీ మునుపటిలాగే నింపి ఇచ్చాను. రహీం అంకుల్‌ని పిలిచి చూపిస్తానన్నారు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

మన పనిని తర్వాత వచ్చేవాళ్ళు చెరిపేయగలిగేలా చేయాలని శిక్షణలో నేర్పారు. అది రసాయనాలకు సంబంధించిన నియమమనే చాలాకాలం అనుకున్నాను. తెలియనిదాన్ని తెలియనిదిగానే అప్పగించడం కూడా అందులో భాగమేనని ఈ చిత్రం దగ్గర నేర్చుకున్నాను.