బెల్లం కూరిన ముల్లుగర్ర

నిన్న కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లో నేను వంట చేసే ఇంట్లో టీవీ నడుస్తోంది. పొట్టకు తాడు బిగించిన ఎద్దు మీద ఒకడు సవారీ చేస్తున్నాడు. ఎద్దు ఎగిరి వాణ్ని మట్టిలో పడేసింది. ‘మిస్కీన్!’ అని మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆ మనిషి మీద జాలిపడింది. నేను మాత్రం చాయ్ పళ్లెం కింద పెట్టి చప్పట్లు కొట్టాను.

కడప వైపు వాళ్లారా, మన బండలాగుడు పోటీలు గుర్తున్నాయా? ఆ దుమ్ము, ఈలలు, ఎద్దుల్ని పొడవడానికి కొనకు మేకు దిగేసిన ముల్లుగర్ర? మా అబ్బ, అంటే నాన్న నాయన, దాన్ని దేవుడి పటం పక్కన పెట్టేవాడు. మా ఎద్దు బుల్లోడి తొడ మీద ఆ పోట్లు చూస్తే నాకు అన్నం దిగేది కాదు.

పోటీ రోజు పొద్దున్నే పట్టకారుతో మేకు పీకేసి, ఆ బొక్కలో ముద్ద బెల్లం కూరాను.

బండ సగం దూరం పోయాక అబ్బ పొడిచాడు. బుల్లోడు ఆగాడు, వాసన పట్టాడు, జత ఎద్దును కూడా ఈడ్చుకుంటూ వెనక్కి తిరిగి కర్ర నాకడం మొదలుపెట్టాడు. జనం పడీపడీ నవ్వారు.

“ఎవురే ఈ పని జేసింది?” అన్నాడు అబ్బ. నా గౌను జేబు మీద ముసిరిన ఈగలు చెప్పేశాయి. అబ్బ నా మీదికి కర్రెత్తాడు. బుల్లోడు నాలుక చాపుకుని ఆ కర్ర వెనకే వచ్చాడు. అబ్బకు నవ్వాగలేదు. ఆ కర్రకు మళ్లీ మేకు దిగలేదు.

ఇదంతా నాకొచ్చిన అరబ్బీలో మామాకు చెప్పాను. ఇంతలో టీవీలో ఇంకొకడు ఎద్దెక్కాడు.

“యల్లా! యల్లా!” అని మామా సోఫా మీంచి లేచి హుషారు చేసింది, ఎద్దును.